రెండు పిడుల తలుపు

సెప్టెంబర్ 20

తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

వానలతో పాటే వస్తానన్నావు. వానలు వచ్చాయి, వెళ్ళిపోతున్నాయి కూడా. వంటింట్లో కప్పు కారే చోట పెట్టిన గిన్నెను నిన్న తీసి కడిగి అల్మరాలో పెట్టాను. సెలవు దొరకలేదని రాశావు, సరే. నేను ఆ గిన్నె తీస్తుంటే నీ కూతురు పక్కనే నిలబడి, "అప్పుడే తీసేస్తున్నావేంటత్తా, ఇంకో వాన రావచ్చుగా" అంది. ఎందుకలా అందో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

పిచ్చుక ఈ ఏడు నా మూడో తరగతిలోకి వచ్చింది. బడిలో నన్ను టీచర్ అనాలి, ఇంట్లో అత్త అనాలి. బడి గేటుకీ మన గుమ్మానికీ మధ్య దారిలో ఏమనాలో తెలియక "ఏమండీ" అని పిలుస్తోంది. నిన్న పాలవాడు అది విని సైకిల్ దిగి మరీ నవ్వాడు.

తరగతిలో వెనక గోడ నాది. కాలం మారినప్పుడల్లా ఆ గోడనూ మారుస్తాను. ఈసారి వాన గోడ పెట్టాం. నీలం కాగితం పరిచి, పైన దూదితో మబ్బులు అంటించి, తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో పిల్లల రాతలు వేలాడదీశాను. మేకులు కొట్టకూడదని హెడ్మాస్టరు గారి ఆజ్ఞ. "గోడ పాడైపోతుందమ్మా" అంటారు. పిల్లలు పాడవకపోతే చాలు సార్ అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, ప్రాణానికి హాయిగా ఉంది.

"వాన నీ దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పింది. ఏం చెప్పింది?" ఇదీ నేను నల్లబల్ల మీద రాసిన మొదటి వాక్యం. ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్ళది. తప్పులు దిద్దను. పేర్లు రాయనివ్వను. పేర్లుంటే బాగా రాసే ఇద్దరు ముగ్గురి కాగితాల ముందే అందరూ గుమిగూడతారు, మిగతా కాగితాలు గాలికి ఊగుతూ ఉంటాయి. అందుకని ప్రతివాళ్ళూ మూల మీద ఒక గుర్తు గీసుకుంటారు. గొడుగు, చేప, పక్షి, తాళంచెవి, గాలిపటం, తలుపు, ఇలా. ఏ గుర్తు ఎవరిదో పిల్లలకు తెలుసు, చూడ్డానికి వచ్చే పెద్దవాళ్ళకు తెలియదు. అదే వాళ్ళకు సరదా.

నిన్నటితో వాన గోడ తీసేశాను. ఆ కాగితాలన్నీ కట్ట కట్టి నీకు పంపుతున్నాను. నీ కూతురిది ఏదో నువ్వే కనుక్కో. నేను చెప్పను. తనూ చెప్పొద్దంది. "నాన్నకి తెలిసిపోతుందిలే" అంది.

ఆ చలిగదుల్లో చెవులు కప్పుకుని తిరుగు.

అక్క

*

సెప్టెంబర్ 30

అక్కకి నమస్కారాలు.

కట్ట అందింది. భోజనాల గదిలో బల్ల మీద పరుచుకుని రెండు పూటలు చదివాను. సరుకుల లిఫ్టు నడిపే పెద్దాయన కూడా కళ్ళజోడు తుడుచుకుని నా పక్కన కూర్చున్నాడు. మా కోల్డ్ స్టోరేజీలో ఎప్పుడూ ఒకటే కాలం కదా. బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో, లోపలికి వచ్చే లోడు కూలీల బట్టలు చూసి తెలుసుకుంటాం. ఇన్ని రకాల వానలు ఒకేసారి చూడడం మాకు ఇదే మొదలు.

నా చదువు నీకు తెలిసిందే. పెట్టెల మీది అక్షరాలు చూసి నేర్చుకున్నవాణ్ణి. ఏ గది ఎంత చలిగా ఉంది, ఏ సరుకు వచ్చింది, ఏది పోయింది, ఇవి తప్ప రోజూ రాసేది ఏమీ లేదు. కానీ పిచ్చుక కాగితం పట్టుకోవడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. పక్షి గుర్తు. పిచ్చుక అని పిలుస్తూ పెంచాను, ఇంకేం గీస్తుంది?

అందులో ఇలా ఉంది: "వాన నా భుజం మీద చెయ్యి వేసి మీ నాన్న ఏడీ అని అడిగింది. దూరం వెళ్ళాడు అన్నాను. నువ్వు ఎలాగూ అన్ని ఊళ్ళూ తిరుగుతావు కదా, కనిపిస్తే త్వరగా రమ్మను అన్నాను. నాకు ఎర్ర బూట్లు ఉంటే నేనే నీతో వచ్చేదాన్ని అన్నాను."

పెద్దాయన ఇది విని లేచి వెళ్ళి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. నేను దాన్ని నా మంచం పక్క గోడకు అంటించాను. ఇక్కడా మేకులు కొట్టనివ్వరు.

మిగతా పిల్లలూ తెలివైనవాళ్ళే. ఆ చేప గుర్తువాడు పెద్దయితే వకీలవుతాడు. ఆ తలుపు గుర్తు పిల్ల ఎవరో గానీ అక్కా, మహా బద్ధకం. రెండంటే రెండే ముక్కలు రాసింది. "వాన ఏమీ చెప్పలేదు. తలుపు బయట నిలబడి నిలబడి వెళ్ళిపోయింది." అంతే. పైగా తలుపుకి ఆ పక్కో పిడి, ఈ పక్కో పిడి. ఎటు తెరుచుకుంటుందమ్మా నీ తలుపు? పెద్దాయనా నేనూ కడుపుబ్బ నవ్వుకున్నాం. అలాంటి పిల్లల దగ్గర నువ్వు కాస్త గట్టిగా ఉండాలి.

పిచ్చుకకి చెప్పు, వాన నాకు కబురు అందజేసిందని. ఎర్ర బూట్లు వస్తున్నాయని కూడా చెప్పు.

ఇట్లు
తమ్ముడు

*

అక్టోబర్ 9

తమ్ముడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎప్పట్లాగే అన్నాల దగ్గర కూర్చుని చదివాను.

పిచ్చుక బాగానే ఉంది. పళ్ళు ఊడిన చోట కొత్తవి వస్తున్నాయి. జ్వరం లాంటివేమీ లేవు. అన్నం కొంచెం తక్కువ తింటోంది, ఎండలకు కావచ్చు.

ఇప్పుడు ఆకుల గోడ పెట్టాం. బడి వెనక చెట్లు రాల్చినవి పిల్లలు బుట్టలతో ఏరుకొచ్చారు. కొన్ని నిజం ఆకులు, కొన్ని గోధుమ రంగు అట్ట కత్తిరించి చేసినవి. "రాలిన ఆకు చెట్టుకి ఉత్తరం రాసింది. ఏమని?" ఇదీ ఈసారి మొదటి వాక్యం. చేప గుర్తువాడు, నీ వకీలు, "నన్ను తోసింది నువ్వేనని అందరికీ చెప్తాను" అని రాశాడు. పిచ్చుక ఈసారి ఏమీ రాయలేదు. ఆకు మాత్రం అందరికంటే చక్కగా కత్తిరించింది, ఈనెలతో సహా. ఖాళీ ఆకునే వేలాడదీశాను.

ఒక్క మాట. ఇకమీదట ఉత్తరంలో వేరే పిల్లల రాతల గురించి ఏమీ రాయకు. బాగున్నాయనీ వద్దు, బాగోలేవనీ వద్దు. ఎందుకని అడగకు.

బూట్ల తొందరేమీ లేదు. వానలు అయిపోయాయి కదా. వీలైతే పంపడం మానెయ్.

అక్క

*

అక్టోబర్ 21

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎప్పుడూ కాగితం చాలక అంచుల మీద కూడా రాసేదానివి, ఈసారి సగం పేజీ ఖాళీ వదిలేశావు. నా మీద కోపం వచ్చింది. ఎందుకో నాకు అర్థమైంది. నీ తరగతి పిల్లని బద్ధకం అన్నాను, నువ్వు గట్టిగా లేవన్నాను. టీచర్‌వి, బాధ ఉంటుంది. తప్పే, ఇక అనను.

కానీ పిచ్చుక ఎందుకు రాయలేదు? అంత చక్కగా రాసిన పిల్ల ఖాళీ ఆకు తగిలించడమేంటి? కోప్పడకపోతే ఒక మాట అంటాను. నువ్వు ఇంట్లోనూ టీచర్‌వే అయితే దానికి ఊపిరాడేది ఎక్కడ? వాళ్ళమ్మ పోయాక దానికి తల్లీ తండ్రీ నువ్వే అయ్యావు, ఆ సంగతి నేను మరిచిపోలేదు. అయినా రాయాలనిపించేట్టు కొంచెం ముద్దు చెయ్యి. నేను దగ్గర లేను కనుక చెప్తున్నాను.

బూట్లు నిన్ననే పార్సిల్ చేశాను. వద్దన్నావని ఆపలేదు. ఎరుపు దొరక్క నాలుగు దుకాణాలు తిరిగాను. దుకాణదారు, "ఏ సైజు?" అన్నాడు. చెప్పలేకపోయాను. చేత్తో ఇంత అని చూపిస్తే, "పిల్లలు ఆగుతారా సార్, పోయినసారి చూసిన పాదం ఇప్పుడుండదు" అని ఒక సైజు పెద్దదిచ్చాడు.

ఇట్లు
తమ్ముడు

*

నవంబర్ 6

ఒరేయ్ తమ్ముడూ,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, ఉంటే.

పక్షి నీ కూతురు కాదు. ఆ కాగితం మూడో బెంచీలో కూర్చునే లారీ డ్రైవరు గారి అమ్మాయిది. వాళ్ళ నాన్న వారానికోసారి ఇంటికి వస్తాడు, దానికి అదే పెద్ద దూరం. నీ కూతురి గుర్తు తలుపు.

ఇప్పుడు కూర్చుని చదువు.

కట్ట అందాక నువ్వు రాసిన ఉత్తరం అన్నాల దగ్గర పైకి చదివాను. ఎప్పుడూ అంతే కదా, ముందు నేను చూసుకోను, ఇద్దరం ఒకేసారి వింటాం. పక్షి అని వచ్చేసరికే నువ్వు పొరబడ్డావని తెలిసిపోయింది. అయినా కంటికంటే ముందు నోరు పరుగెత్తింది, "మహా బద్ధకం" దాకా చదివేశాను. అది తలెత్తలేదు. పళ్ళెం అంచున అతుక్కున్న మెతుకు గోటితో గీకుతూ, "తర్వాతేంటో చదువత్తా" అంది. చదివాను. కడుపుబ్బ నవ్వుకున్నాం అని కూడా చదివాను. మధ్యలో ఆపేస్తే ఇంకా బాధపడుతుందనుకున్నాను. నా బుద్ధి అంతే.

పడుకునే ముందు ఒక్కటే అడిగింది. "రెండు పిడులు తప్పా అత్తా?"

నువ్వు వెళ్ళిన రోజు గుర్తుందా? బస్టాండులో అది నీ చొక్కా పట్టుకుని, "ఆ చలిగదిలో నువ్వుండగా తలుపు మూసుకుపోతే ఎలా నాన్నా" అని ఏడ్చింది. నువ్వేమన్నావు? "పిచ్చిదానా, మా తలుపుకి బయటా పిడి ఉంటుంది, లోపలా పిడి ఉంటుంది. ఎప్పుడనుకుంటే అప్పుడు తీసుకుని వచ్చేస్తాను" అన్నావు. అప్పట్నుంచీ అది గీసే తలుపు అదొక్కటే. పుస్తకాల అట్టల మీద, ఆవిరి పట్టిన కిటికీ మీద, చివరికి ఇస్త్రీ బట్టల మూట మీద కూడా. నేనేమో అలవాటుపడి, నీకు తెలియకుండా పోతుందా అని ఆటకి పంపాను. నాదీ తప్పుంది.

నీకు అప్పుడే రాయాల్సింది. పిల్ల మరిచిపోతుందిలే అని దాచాను. ఇంతలో నీ బూట్లు దిగాయి. పెట్టె విప్పింది, తిప్పి చూసింది, మళ్ళీ పెట్టెలో పెట్టి సంచిలో వేసుకుంది. వేసుకుని చూడవే అంటే, "నావి కావుగా" అంది. పొద్దున తరగతిలో నేను హాజరు పిలుస్తుండగానే మూడో బెంచీ దగ్గరికి వెళ్ళి, "ఇవి నీవి. మా నాన్న పంపాడు. నీ రాత ఆయనకి బాగా నచ్చింది" అని ఇచ్చేసింది. నేను హాజరు మళ్ళీ మొదటి పేరు నుంచి పిలిచాను.

సాయంత్రం ఆ డ్రైవరు గారి భార్య బూట్లు పట్టుకుని పరుగున వచ్చింది. "మాకెందుకండీ, ఏదో పొరపాటు పడ్డట్టున్నారు" అంది. నీ కూతురు గుమ్మంలోకి వచ్చి, "పొరపాటు కాదండీ, బూట్లు కావాలని రాసింది మీ అమ్మాయే" అని చెప్పి పంపించేసింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఏడ్చినా బాగుండేది.

ఇంట్లోనూ టీచర్‌వే అన్నావు. అనుకో, పడతాను. నేనూ ఒకటడుగుతాను, దానికి మాత్రం జవాబు రాయి. సెలవు దొరకలేదా, నువ్వు అడగలేదా?

ఆశీస్సులు. ఎంతైనా తమ్ముడివి.

అక్క

*

నవంబర్ 14

అక్కా,

అడగలేదు.

కాదంటారని కాదు. ఇస్తే వస్తాను, వస్తే మళ్ళీ బయల్దేరాలి. ఆ బస్టాండు ఇంకోసారి నా వల్ల కాదనుకున్నాను. అందుకని అడగకుండా, దొరకలేదని రాశాను.

ఆ తలుపును రోజూ తీస్తాను, రోజూ వేస్తాను. దాని పిడి నా అరచేతికి తెలుసు. కాగితం మీద చూస్తే గుర్తుపట్టలేకపోయాను. నీ ఉత్తరం వచ్చాక గదిలోకి వెళ్ళి లోపలి పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాను. పెద్దాయన వచ్చి, "ఏమయ్యా, ఐసు అయిపోదామనా" అని కేకలేసి బయటికి లాగాడు. ఆయనకు జరిగింది చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, "మనం నవ్వాం కదయ్యా" అన్నాడు.

మంచం పక్కన ఇప్పుడు తలుపు కాగితం ఉంది. పక్షి కాగితం ఇందులో పెట్టి పంపుతున్నాను. ఆ అమ్మాయిదే కనుక వాళ్ళ నాన్నకి ఇవ్వు. బూట్లు ఆ అమ్మాయి దగ్గరే ఉండనీ.

నిన్ను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు అంచుల మీద కూడా రాయి అక్కా. ఖాళీ వదలకు.

ఇంకో కాగితం కూడా ఉంది చూడు. వాన గోడ తీసేశారని తెలుసు. అయినా ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిది తీసుకుంటావేమోనని రాశాను. పిచ్చుకకి చదివి వినిపించకు, చేతికివ్వు. తనే చదువుకుంటుంది. నాకు గుర్తు ఏమీ లేదు, మూల ఖాళీగా ఉంచాను.

తమ్ముడు

(ఇంకో కాగితం)

వాన నీ దగ్గరికి వచ్చి ఒక మాట చెప్పింది. ఏం చెప్పింది?

ఇక్కడ లోపలికి వాన వినపడదు. బయట ఎవరైనా నిలబడ్డారా అని తలుపు తీసి చూడాలి. నేను చూడలేదు.

*

డిసెంబర్ 2

తమ్ముడికి అక్క ఆశీస్సులు, ఈసారి ముందే.

నీ కాగితం దాని చేతికిచ్చాను. పెరట్లో బట్టలు ఆరేసే తీగ కిందికి తీసుకెళ్ళి చదువుకుంది. నేను వంటింటి కిటికీ లోంచి చూస్తూ పాలు పొంగబెట్టుకున్నాను. లోపలికి వచ్చి, "నాన్న కూడా రెండు ముక్కలే రాశాడు" అంది.

"మూడు" అన్నాను.

"ఆఖరిది చిన్నది, లెక్కకి రాదు" అంది.

ఆ రాత్రి ఏడ్చింది. బాగా ఏడ్చింది. నేను టీచర్ని కాలేదు, అత్తనూ కాలేదు, ఊరికే పక్కన కూర్చున్నాను. అలసిపోయి నిద్రపోతూ, "అడిగితే సెలవిస్తారా అత్తా?" అంది. నీ మాట నేనెలా చెప్పను?

ఇప్పుడు చలి గోడ పెట్టాం. తెల్లకాగితం మడిచి కత్తిరిస్తే మంచు పూలు వస్తాయి, అవి కిటికీల నిండా అంటించారు. హెడ్మాస్టరు గారు వచ్చి చూసి, ఒకటి తన గదికీ కావాలన్నారు. పిల్లలు సరిగా రాక ముద్దయిపోయినది ఏరి ఇచ్చారు. ఈసారి మొదటి వాక్యం: "చలికాలం వచ్చి మీ తలుపు తట్టింది. ఏం చేస్తావు?" అందరూ దాన్ని తరిమేశారు. వకీలు కేసు పెట్టాడు. నీ కూతురు ఏం రాసిందో ఉన్నదున్నట్టు దింపుతున్నాను:

"తలుపు తీస్తాను. అది మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చోమంటాను. చేతులు కాచుకున్నాక మా నాన్న ఎలా ఉన్నాడు అని అడుగుతాను."

నీ వాన కాగితం చలి గోడ మీదే పెట్టాం. కాలం కాని కాలంలో వాన పడకూడదా అని పిల్లలే తేల్చారు. అయితే గుర్తు లేకుండా గోడ ఎక్కించకూడదని నియమం. తలుపు ఇద్దామా అన్నాను. "తలుపు నాది" అంది పిచ్చుక. చాలాసేపు ఆలోచించి నీకు గుర్తు తనే గీసింది. నువ్వు చలిగదిలో వేసుకునే పెద్ద బూటు, మోకాలి దాకా ఉండేది. ఒక్కటే గీసింది. పక్షి పిల్ల వచ్చి చూసి, "ఒక్క బూటేంటే? మీ నాన్నకి ఇంకో కాలు లేదా?" అంది.

"ఉంది. రెండూ గీసేస్తే మళ్ళీ ఎటో వెళ్ళిపోతాడు. ఒకటి నా దగ్గరుండనీ" అంది.

తరగతంతా నవ్వారు. అదీ నవ్వింది. చాలా రోజులకి.

ఇక దీన్ని సరిగ్గా చదవాల్సింది నువ్వు. చూడు, అంచుల దాకా రాశాను.

అక్క

*

డిసెంబర్ 11

అక్కకి నమస్కారాలు.

నిన్న మేనేజరు గారి గదికి వెళ్ళి నిలబడ్డాను. ఎప్పుడూ రానివాణ్ణి వచ్చానని ఆయనే కంగారుపడి, "ఏ గది పాడైంది?" అన్నాడు. ఏ గదీ పాడవలేదు, నాకు సెలవు కావాలి అన్నాను. "దానికింత సేపు నిలబడాలా?" అన్నాడు. ఇచ్చాడు. తాళాలు పెద్దాయన చూసుకుంటాడు. గదుల చలి రోజూ రాయడం ఆయనకు నేర్పించాను. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, దిద్దలేదు.

మళ్ళీ బయల్దేరాల్సిన రోజు గురించి ఇప్పుడు ఆలోచించను. అప్పుడు పిచ్చుకతోనే మాట్లాడతాను. ఎన్నాళ్ళకు వస్తానో దొంగమాట చెప్పను.

ఏమీ కొనడం లేదు. పాదం చూడకుండా ఇంకేమీ కొనను.

చలి గోడ ఇప్పుడే తీసేయకండి. హెడ్మాస్టరు గారు ఏమన్నా అంటే ఆయనతో నేను మాట్లాడతాను. పిచ్చుకకి ఈ ఒక్కటీ చదివి వినిపించు. బస్సు దిగి ఒక్క బూటుతో కుంటుకుంటూ వస్తాను, నవ్వొద్దని చెప్పు. నవ్వినా ఫరవాలేదని చెప్పు.

తమ్ముడు